ముసలి మందు పోగులు

మందుల డిపో కిటికీ వెనక దొరబాబు చేతిలో కత్తెర మంచి పదునుది. మాత్రల షీటు తీసేవాడు, మధ్యకి మడిచేవాడు, కచక్కున కోసేవాడు. ఒక ముక్క కిటికీలోంచి బయటికి, రెండో ముక్క బల్ల కింద అట్టపెట్టెలోకి. ముక్క కంటే ముందు ఇంకు ప్యాడు బయటికొచ్చేది.

“ఏలెయ్యి మామ్మా, బేగి ఎయ్యి. ఎనకాల ఎంతమందున్నారో కనబడతం లేదేటి?”

వేలిముద్ర మాత్రం మొత్తం షీటుకి పడేది.

ఆ రోజు బుల్లమ్మ మామ్మ వెనకాల నేను నిలబడి ఉన్నాను. ఆవిడకి ఆయాసం. మాట మధ్యలో ఆగి, ఊపిరి తెచ్చుకుని, మిగతా మాట పూర్తిచేస్తుంది. చేతిలో పడ్డ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇదేటి బాబూ, సగమే ఇచ్చినావు? మిగతా సగం... కత్తెర తినేసిందేటి?”

“స్టాకు రానేదు మామ్మా. సదురుకోవాలి.”

“ఊపిరి కూడా సగమే పీల్సి... సదురుకోమంటావేటి?”

లైన్లో ఎవరో నవ్వారు. దొరబాబూ నవ్వాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. “స్టాకు రాకపోతే బల్ల కింద పెట్టెలో ఉన్నదేంటి?” అని అడిగాను.

“నీకు తెల్లకార్డుందా? నీకు అరవై అయిదు నిండినాయా? నిండితే మాటాడు. నేకపోతే పక్కకి తప్పుకో.”

దొరబాబు కంటే ముందు నన్ను పక్కకి నెట్టింది మా లైన్లోని జోగులు తాత. ఆయన భార్య పక్షవాతం వచ్చి మంచం మీద ఉంది. బీపీ మందు పడకపోతే రెండో పక్క కూడా పడిపోతుందని డాక్టరు చెప్పాడు. “ఊరుకోయే గుంటా. నీ గొడవతో ఆ సగం కూడా కట్టేత్తాడు. సగం మందైనా మందే కదేటి?” అన్నాడు.

నా పేరు పావని. నర్సీపట్నంలో వ్యవసాయ కార్మికుల సంఘంలో పనిచేసేదాన్ని. నేను చెబుతున్నది రెండువేల రెండు నాటి సంగతి. పేద ముసలివాళ్ళకి బీపీకి, షుగరుకి, ఆయాసానికి నెలనెలా మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుందని ఆ ఏడు ఒక పథకం వచ్చింది. దండలు పడ్డాయి, మైకులు మోగాయి. మందులు పంచే కాంట్రాక్టు మాత్రం మా ఊళ్ళో చినబాబుకి దక్కింది. చినబాబు అంటే జీడిపిక్కల ఫ్యాక్టరీ వారసుడు. ఫ్యాక్టరీ మూసేసి కూలీలని రోడ్డున పడేసినవాడే, అదే గోడౌనుకి వెల్ల వేయించి మందుల డిపో బోర్డు తగిలించాడు. బజార్లో అతనికి సొంత మందుల షాపు కూడా ఉంది. బల్ల కింద పెట్టె ఎక్కడికి పోతుందో వేరే చెప్పాలా?

ఆ లైన్లో నిలబడే కొత్తకాలనీ ముసలివాళ్ళలో సగంమంది ఆ గోడౌనులోనే పిక్కలు కొట్టి ముసలివాళ్ళయ్యారు. జీడి రసం వాళ్ళ వేళ్ళని తినేసింది. కాల్చిన పిక్కల పొగ వాళ్ళ గుండెల్లో చేరింది. బుల్లమ్మ మామ్మ ఆయాసం అక్కడిదే. జబ్బు తండ్రి ఇచ్చాడు, ఆ జబ్బుకి ప్రభుత్వం ఇచ్చే మందు కొడుకు అమ్ముకుంటున్నాడు. కుటుంబం అంటే అదీ.

ముసలివాళ్ళు ఆ పథకానికి పెట్టుకున్న పేరు ‘ముసలి మందు’. ముసలి పింఛను ఎలాగో ముసలి మందు అలాగ. పింఛనులో నీ పింఛను వేరు, నా పింఛను వేరు అని ఉండదు కదా! మందు కూడా అంతే అనుకున్నారు. కాదని చెప్పాల్సినవాళ్ళు కిటికీ అవతల కత్తెర పట్టుకుని కూర్చున్నారు.

తర్వాతి నెల పంపిణీకి నేను యలమంచిలిలో సంఘం పని మీద ఉన్నాను. అప్పుడు జరిగింది నాకు తర్వాత కాలనీ అంతా చెప్పింది.

ఆ నెల జాబితాలోంచి అచ్చియమ్మ పేరు ఎగిరిపోయింది. అచ్చియమ్మ నోరున్న మనిషి. ఆరోజుల్లో ఫ్యాక్టరీ మేస్త్రీలే ఆవిడ నోటికి జడిసేవారు. అలాంటిది కిటికీ ముందు ఎంత అరిచినా మందు రాలేదు. ఆవిడకొక్కదానికే కాదు, ఇంకా చాలామందికి లేదన్నారు. ఇచ్చినవాళ్ళకి సగం, మిగిలినవాళ్ళకి ఉత్త చెయ్యి. కాలనీకి తిరిగొచ్చాక మందు దొరికినవాళ్ళు దొంగల్లా కొంగుల్లో దాచుకుని తలుపులు వేసుకున్నారు. అది చూసి బుల్లమ్మ మొగుడు సింగన్నకి కష్టమేసింది.

“ఇదేం పాడు బుద్ధర్రా! మన ఈదిలో ఒకడు తింతంటే ఒకడు సూసిందెప్పుడు? తెండి, అంతా ఒకకాడ పొయ్యండి. నూకయ్యని పిలండి. పోగులేత్తాడు.”

అమ్మవారి పండక్కి వేట కోసినప్పుడు మాంసం పోగులు వేసేది నూకయ్య. అడ్డాకులు పరిచి, తునక తునకా చూసి, ఎముక పడ్డ పోగుకి కాస్త మెత్తది కలిపి, అన్నీ ఒక్కలా చేసేవాడు. తక్కెడ ముట్టుకునేవాడు కాదు. పోగులయ్యాక ఒకళ్ళు వీపు తిప్పి కూర్చుంటారు. ఇంకొకళ్ళు ఒక పోగు మీద వేలు పెట్టి “ఇదెవరికి?” అంటారు. వీపు తిప్పినవాళ్ళు ఏ పేరు చెబితే ఆ పోగు వాళ్ళది. నూకయ్య వేసిన పోగుల దగ్గర ఆ కాలనీలో ఎప్పుడూ తగువు రాలేదు.

చేటలో మాత్రలన్నీ గుమ్మరించారు. కోసిన ముక్కల మీద మందు పేర్లు లేవు. పేరూ తేదీ అచ్చు పడివున్న వైపు బజారు షాపులో చెల్లుతుంది కాబట్టి దొరబాబు అటువైపే ఉంచుకునేవాడు. నూకయ్య మాత్రలు ఒలిచి రంగులవారీగా చూశాడు. తెల్లవి అందరికీ వచ్చేలా, పచ్చవి అందరికీ వచ్చేలా, గులాబీవి అందరికీ వచ్చేలా సర్దాడు. అచ్చియమ్మకి ఒక గులాబీ మాత్ర తక్కువైతే తన పోగులోంచి తీసి వేశాడు. అన్యాయం జరక్కూడదని అంత చూశాడా మనిషి. బుల్లమ్మ వీపు తిప్పి కూర్చుని పేర్లు చెప్పింది. మొగుడి పేరూ ఆవిడే చెప్పింది.

పోగు తిన్న చాలామందికి కళ్ళు తిరిగాయి. సింగన్నకి అంతకుముందే జ్వరం, గంజి తప్ప కడుపులో ఏమీ లేదు. బేగి తగ్గుతుందని అన్ని రంగులూ కలిపి మింగేశాడు. తెల్లవారేసరికి ఒళ్ళంతా చెమట, చేతుల వణుకు, మాట తేలిపోవడం. గాలి సోకిందని ఒకరన్నారు. పైత్యమని ఒకరన్నారు. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి పలకడం మానేశాడు. డాక్టరు రక్తం చూసి, “ఈయనకి షుగరు జబ్బుందా?” అని అడిగాడు. లేదు. ఉన్నది బీపీ ఒక్కటే. “మరి షుగరు మాత్ర ఎందుకు మింగించారు? ఏం మింగాడో షీటు చూపించండి.”

బుల్లమ్మ కొంగుముడి విప్పి కోసిన ముక్కలు ఆయన చేతిలో పోసింది. ఆయన తిప్పి తిప్పి చూశాడు. ఏ ముక్క మీదా ఏ పేరూ లేదు. మధ్యాహ్నానికి సింగన్న పోయాడు.

ఇక చూడండి, ఎంత వేగంగా కదిలిందో ప్రభుత్వం! మందులివ్వడానికి కాళ్ళు రాని ప్రభుత్వానికి అరెస్టు చెయ్యడానికి జీపొచ్చింది. చినబాబు పేపరు విలేకరులని పిలిచి టీలు ఇప్పించాడు. పాపం బంగారంలాంటి మందులు పూర్తిగా పంచానని, చదువు సంధ్యల్లేని జనం వాటిని గవ్వల్లా పంచుకుని ప్రాణాలు తీసుకున్నారని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. డిపో తరఫున నూకయ్య మీద రిపోర్టు పెట్టాడు. పోలీసులు వచ్చేసరికి నూకయ్య గుమ్మంలోనే ఉన్నాడు. సింగన్న పోయినప్పటినుంచి ఆయన అన్నం ముట్టలేదు.

“నానే ఏసినాను బాబూ పోగులు. నన్ను తీసుకెళ్ళిపోండి. ఈ ఈదిలో నాను ఉండలేను,” అని తనే జీపెక్కాడు.

కాలనీలో ఎవరూ ఆపలేదు. కొందరు మొహం తిప్పుకున్నారు. నేను యలమంచిలి నుంచి దిగేసరికి పరిస్థితి అదీ.

కేసు గట్టిగా నిలబడాలంటే చచ్చినవాడి పెళ్ళాం చెప్పాలి. మందు పూర్తిగా అందిందని, నూకయ్యే చెడగొట్టాడని బుల్లమ్మ వేలిముద్ర పడాలి. చినబాబు స్వయంగా వచ్చాడు. గడపలో చెప్పులు విప్పాడు. వాళ్ళ వంశంలో ఎవరూ ఆ కాలనీలో చెప్పులు విప్పి ఎరగరు. జేబులోంచి చిన్న పంపు తీశాడు, నోట్లో పెట్టుకుని పీల్చే ఆయాసం పంపు.

“ఓసారి పీల్చి చూడు మామ్మా.”

బుల్లమ్మ పీల్చింది. కాసేపటికి ఆవిడ గుండె విచ్చుకుంది. ఆగకుండా ఒక మాట పూర్తిగా అనగలిగింది. “ఎన్నేళ్ళకి బాబూ నాకు ఇలగ ఊపిరాడ్డం!”

“బతికినంతకాలం ఇలాంటివి నెలనెలా ఇంటికి పంపిస్తాను. నీ మొగుణ్ణి తిన్నవాడికి శిక్ష పడాలా వద్దా? ఈ కాయితం మీద వేలెయ్యి.”

ఆలోచించుకుంటానంది బుల్లమ్మ. అతను పంపు మళ్ళీ జేబులో పెట్టుకుని వెళ్ళాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడు దొరబాబుని పంపాడు.

పొద్దు వాలుతుండగా కాలనీ బోరింగు గట్టు దగ్గర మీటింగు పెట్టాం. మీటింగంటే మీటింగు కాదు, పెద్ద తగువు. మొదట లేచింది బుల్లమ్మ కూతురు మంగాదేవి. పాయకరావుపేటలో కాపురం, తండ్రి చావుకి వచ్చింది.

“మా అయ్యని సంపినోడికి మీరంతా ఒత్తాసేటి? ఆడు మంచోడైతే అయినాడు, మా అయ్య తిరిగొత్తాడా? పంపు ఇచ్చినోడు ఎలగాటోడైనా నాకెందుకు? అయ్య ఎలగూ పోయినాడు. అమ్మనన్నా బతకనీండి.”

“తప్పు నూకయ్యది కాదమ్మా, కత్తెరది,” అన్నాను.

“నువ్వూరుకో!” అని నా మీదకి వచ్చింది. “మీ సంఘానికేటి? మీకు శవాలు కావాల. శవం దొరికితే జెండా కప్పుకుని ఊరేగుతారు. మా అమ్మని కూడా అడుగుతన్నావేటి?”

ఆ మాట నాకు తగిలింది. అక్కడికి వచ్చినవాళ్ళలో చాలామంది తలలూపారు కూడా. తలుపులమ్మ మామ్మ ఏడుస్తూ, “నూకయ్య పోగేయకుండా ఉంటే సింగన్న బతికీవోడే కదా,” అంది. జోగులు తాత అయితే, ఆయన కేసూ వద్దు గొడవా వద్దు, డిపో మూసేస్తే తన ముసల్దాని గతేమిటని ఒకటే మాట.

అప్పుడు బుల్లమ్మ నోరు విప్పింది. అందరూ దగ్గరికి జరిగారు, ఎందుకంటే ఆవిడ గొంతు దూరం వినబడదు.

“పోగులెయ్యమన్నది... నా మొగుడే. పేర్లు సెప్పింది నాను. నూకయ్యని జైల్లో పెడితే... నన్నూ పెట్టాల. పంచుకోడం తప్పు కాదే మంగా. మాంసం, మందు ఒకటే అనుకున్నాం. అదీ తప్పు. ఆకలి అందరికీ ఒకటే. జబ్బు ఎవురిది ఆళ్ళదే. ఈ సంగతి మనకి సెప్పీవోడేడీ? సగం కోసి... పేరు కోసి... సేతిలో ఎట్టినాడు.”

ఊపిరి కోసం ఆగింది. మంగాదేవి వీపు రాస్తూ కూర్చుంది.

“ఇంకోటి కూడా. ఆళ్ళ బాబు కాలంలో... నాను జీతం పెంచమని కాళ్ళట్టుకుంటే తన్నినాడు. ఈడు నా గుమ్మంలో జోళ్ళిప్పినాడు. ఎందుకూ? నా ఏలు కోసం. ఈ పాడు ఏలు కోసం. దీనికింత ఇలవుందని... నాకిన్నాళ్ళూ తెలీదర్రా.”

అచ్చియమ్మ చటుక్కున లేచింది. “ఓలమ్మ బుల్లమ్మా! అదీ సంగతి! నెలనెలా మందియ్యకముందే ప్యాడు బయటికి తోత్తన్నాడెందుకు? మన ఏలు పడకపోతే ఆడికి గవర్నమెంటు పైసా ఇదల్చదు. కాదేటి పావనమ్మా?”

అవునన్నాను. వేలిముద్ర లేకపోతే బిల్లు పాసవదు. పిక్కలు కొట్టం అంటే ఫ్యాక్టరీ ఎలా ఆగిందో, వేలు వెయ్యం అంటే డిపో అలా ఆగుతుంది.

“అయితే ఏలు ఎయ్యొద్దు,” అంది అచ్చియమ్మ. “పేరున్న షీటు, పూర్తి షీటు. ఏ జబ్బుకి ఏ బిళ్ళో సెప్పి ఇవ్వాల. అచ్చియమ్మకి కూడా ఇవ్వాల. నూకయ్యని ఒదలాల. అప్పుడేత్తాం.”

“అప్పటిదాకా?” అన్నాడు జోగులు తాత. “అప్పటిదాకా ఏటి మింగాల? కూలోడు సమ్మె కడితే పస్తుంటాడు. మందు మానేత్తే పస్తు కాదర్రా, పాడె. నా ఇంటిదానికి నాను ఏటి సెప్పాల?”

ఆయన అన్నది నిజమే. సమ్మె అని నేను చాలాసార్లు అరిచాను గానీ, సమ్మె చేసేవాళ్ళ ప్రాణాలే పణమైన సమ్మె నేనెప్పుడూ చూడలేదు. వద్దని చెప్పే ధైర్యం లేదు, చెయ్యండని చెప్పే హక్కూ లేదు. చివరికి నన్నెవరూ అడగలేదు. ముసలివాళ్ళే చేతులెత్తారు. జోగులు తాత ఎత్తలేదు. మంగాదేవి తల్లి చెయ్యి పట్టుకుని కిందకి లాగింది. బుల్లమ్మ రెండో చెయ్యి ఎత్తింది.

పంపిణీ రోజు వచ్చింది. డిపో తెరవకముందే లైను గోడౌను మలుపు దాటి రోడ్డెక్కింది. అందరికంటే ముందు చిలకమ్మ ఉంది, కంటిచూపు సరిగా ఆనని మనిషి. దొరబాబు షీటు కోసి, ముక్క, ప్యాడు బయటికి తోశాడు. చిలకమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

“పూర్తి షీటియ్యి బాబూ. ఏలేత్తాను.”

“ఇదేటి కొత్త వేసం? స్టాకు రానేదని సెప్పినాను కదా!”

“వచ్చినప్పుడే ఏత్తాను.”

చిలకమ్మ తిరిగి లైను చివరికి పోయి నిలబడింది. తర్వాత తలుపులమ్మ. ఆవిడా చేతులు వెనక్కి పెట్టుకుంది, ఆవిడా చివరికి పోయింది. తర్వాత ఇంకొకరు. అచ్చియమ్మ పేరు లేకపోయినా వచ్చి, కిటికీలో తల పెట్టి, “నా పేరు రాసినావేటి?” అని అడిగి, చివరికి పోయింది. లైను కదులుతూనే ఉంది, ఎంతకీ తరగడం లేదు. మొదట దొరబాబు ఎగతాళి చేశాడు. తర్వాత తిట్టాడు. తర్వాత కిటికీలోంచి చెయ్యి చాచి ఒక ముసలామె మణికట్టు పట్టుకోబోయాడు. ఆవిడ చేతి కర్రతో ఒక్కటిచ్చింది. నాకు ఏళ్ళ తరబడి తీరని ఆకలి ఆ దెబ్బతో కాస్త తీరింది.

ఎండ ముదిరాక చినబాబు కారు వచ్చింది.

“చస్తారు,” అన్నాడు దిగుతూనే. “ఒక్కొక్కళ్ళూ కుక్క చావు చస్తారు. నాకు పోయేదేం లేదు.”

“పోయీదేటీ నేకపోతే ఎండలో ఎందుకొచ్చినావు బాబూ?” అంది అచ్చియమ్మ.

అతనికి బుల్లమ్మ కనబడింది. కిటికీకి దగ్గరగా ఉంది. గోడ పట్టుకుని నిలబడి, భుజాలెగరేసి ఊపిరి లాగుతోంది. చినబాబు లోపలికెళ్ళి, కిటికీలోంచి పూర్తి షీట్లు పెట్టాడు, పక్కన పంపు పెట్టాడు.

“మామ్మా, నీకు కత్తెర లేదు. పూర్తిగా తీసుకో. వేలెయ్యి.”

మంగాదేవి పక్కనే ఉంది. “అమ్మా, తీసుకోయే,” అని బతిమాలింది. బుల్లమ్మ పంపు వంక చూసింది. చూడలేదని నేను అబద్ధం రాయను. చాలాసేపు చూసింది.

“అందరికీ... పూర్తిగానేనా బాబూ?”

“నీ సంగతి నువ్వు చూసుకో.”

“అలగయితే ఒల్లను.”

అని ఆవిడ కూడా చేతులు వెనక్కి పెట్టుకుని లైను చివరికి బయల్దేరింది. చివరిదాకా నడవలేకపోయింది. గోడౌను మలుపు దగ్గర కూలబడింది. పెదాలు నల్లబడ్డాయి. మంగాదేవి తల్లిని నా ఒళ్ళో వదిలేసి కిటికీ దగ్గరికి పరిగెత్తింది. “బాబూ, పంపియ్యండి బాబూ, ఒక్కపాలి పీల్సనీండి, మళ్ళీ ఇచ్చేత్తాను!”

“ముందు వేలు,” అన్నాడు చినబాబు.

“ఇదిగో నా ఏలు తీసుకోండి! రెండు సేతులియ్యీ తీసుకోండి!”

“నీది కాదు, దానిది. ప్యాడు పట్టుకెళ్ళు.”

ఆ మాట లైనంతా విన్నది. నేనూ విన్నాను. మంగాదేవి ప్యాడు పట్టుకుని సగం దూరం వచ్చింది. అప్పటికే నా ఒళ్ళో బుల్లమ్మ ఊపిరి ఆగిపోయింది. దోసిట్లో నీళ్ళు చల్లాను, గుండె రుద్దాను, పేరు పెట్టి పిలిచాను. నేను ఏడ్చాను, చెప్పుకోడానికి నాకు సిగ్గు లేదు. మంగాదేవి ఏడవలేదు. ప్యాడుని రోడ్డు మీద వేసి కాలితో తొక్కింది. ఆ ఇంకు ఆమె పాదమంతా అంటుకుంది.

కాలనీ కుర్రాళ్ళు నులకమంచం తెచ్చారు. ఇంటికి తీసుకెళ్దామంటే మంగాదేవి వద్దంది. మంచాన్ని లైన్లోనే, తల్లి నిలబడాల్సిన చోట వేయించి, పక్కన తను నిలబడింది. “మా అమ్మ వంతు ఇంకా రానేదు,” అంది. ముసలివాళ్ళు మళ్ళీ కదలడం మొదలెట్టారు. నలుగురు కుర్రాళ్ళు మంచం ఎత్తి, ఒక మనిషి జాగా జరిపి, మళ్ళీ దించేవారు.

ఈ కబురు ఎలా పోయిందో, సాయంత్రానికి జిల్లా నుంచి పథకం ఆఫీసరు జీపేసుకుని దిగాడు. వెనక వ్యానులోంచి అట్టపెట్టెలు దించారు. అన్నీ నిండు షీట్లు. స్టాకు రాలేదన్న మందు ఒక్క పూటలో ఎలా వచ్చిందో! ఆఫీసరు చాలా మర్యాదగా మాట్లాడాడు. జరిగింది విచారకరమన్నాడు. ఈ నెల మందులు అందరికీ పూర్తిగా ఇస్తామన్నాడు. ఒక్కటే చిన్న పని, పాత నెలల మందు కూడా పూర్తిగా ముట్టినట్టు పక్కనున్న కాయితం మీద ఇంకో వేలిముద్ర వేయాలి.

ఆ సమయానికి కిటికీ దగ్గర వంతు జోగులు తాతది. పొద్దుట్నుంచి ఆయన లైన్లో ఉన్నాడు గానీ, సరిగ్గా తన వంతు వచ్చేసరికి పక్కకి తప్పుకుని వెనకవాళ్ళని పోనిచ్చేవాడు. ఈసారి తప్పుకోలేదు. భార్యకి కావలసిన బీపీ మాత్రలు, కోయని షీట్లు, ఆయన చేతిలోకే వచ్చాయి. ఆయన వాటిని చెంపకి ఆనించుకున్నాడు. బొటనవేలు ఇంకులో ముంచాడు. లైను ఆగిపోయింది. ఆయన్ని ఎవరు మాత్రం ఏమనగలరు?

జోగులు తాత మంచం వైపు చూశాడు. షీట్లు బల్ల మీద పెట్టేశాడు. భుజం మీది తువ్వాలుతో వేలు తుడిచాడు, ఇంకు వదిలేదాకా తుడిచాడు.

“ఈ నెలది ఇత్తే ఈ నెలకి ఏత్తాను. ఆ నెలలకి ఎయ్యను బాబూ. ఆ నెలల్లో మేం సగమే తిన్నాం. సింగన్నగాడు ఆ సగంతోనే పోయినాడు. ఆ కాయితం మీద నాను ఏలేత్తే, ఆణ్ణి నాను సంపినట్టే. నూకయ్యే సంపినాడని ఒప్పుకున్నట్టే.”

“నీ భార్య సంగతి ఆలోచించుకో పెద్దాయనా.”

“ఆలోసించే సెప్తన్నాను. ఆ గుంటని అడిగి కాదు,” అని నన్ను చూపించాడు. “నూకయ్యని బయటికి తెండి. ఆడొచ్చి మా కళ్ళముందు ఇయ్యాల. ఆడి సేత్తో ఇత్తే కళ్ళు మూసుకుని తీసుకుంటాం.”

ఇంక మర్యాద అయిపోయింది. ఆఫీసరు సైగ చేశాడు. పోలీసులు దిగారు. ముందు నన్ను పట్టుకున్నారు, తర్వాత అచ్చియమ్మని, తర్వాత జోగులు తాతని. పోలీసు వ్యాను మెట్టు ఎత్తుగా ఉంది. అచ్చియమ్మ దాని ముందు నిలబడి కానిస్టేబులు మీద కేకలేసింది.

“ఏటి బాబూ, అలగ సూత్తావు? సెయ్యందించు. మోకాళ్ళు ఒంగవు.”

కానిస్టేబుళ్ళు ముసలివాళ్ళని ఒక్కొక్కరినే చంకల కింద చేతులేసి ఎక్కించాల్సి వచ్చింది. పట్టుకోనివాళ్ళు కూడా వచ్చి చేతులు చాచారు. చిలకమ్మ ఎక్కింది, తలుపులమ్మ ఎక్కింది. వ్యాను నిండిపోయి తలుపు పడలేదు. మిగిలినవాళ్ళని ఇళ్ళకి పొమ్మని అరిచారు. ఎవరూ పోలేదు. కుర్రాళ్ళు మంచం భుజాలకెత్తారు. ముందు కోడు మంగాదేవి పట్టుకుంది. శ్మశానం ఒకవైపు, పోలీసుస్టేషను ఇంకోవైపు. ఆమె స్టేషను దారి పట్టింది. వ్యాను వెనకే, కర్రలూ దగ్గులూ కలిసి లైనంతా నడిచింది. బజారు షాపులవాళ్ళు బయటికొచ్చి చూశారు. కొందరు షట్టర్లు దించేసి వెనక నడిచారు.

స్టేషను గేటు ముందు మంచం దించారు. మమ్మల్ని వ్యానులోంచి దించుతున్నారు. బుల్లమ్మ వేలిముద్ర కోసం నూకయ్యని ఇంకా కోర్టుకి పంపకుండా లోపల ఊచల వెనకే ఉంచారని అందరికీ తెలుసు. మంగాదేవి గేటు ఊచలు పట్టుకుంది. బోరింగు గట్టు దగ్గర ఆయన్ని హంతకుడన్న గొంతే అది.

“సిన్నాన్నా! నూకయ్య సిన్నాన్నా! మా అమ్మ పోయింది. పాడె మొయ్యాల. బయటికి రా!”

గేటుకి తాళం పడింది. సెంట్రీ తుపాకి అడ్డంగా పట్టుకున్నాడు. వెనకనుంచి ముసలివాళ్ళంతా అదే పిలుపు అందుకున్నారు. లోపల ఊచల వెనకనుంచి ఒక గొంతు, ముందు చిన్నగా, తర్వాత గట్టిగా, “వొత్తన్నానర్రా!” అంది.